ఓడకీ బండికీ మధ్య

అక్టోబరు నడిమికి వచ్చేసరికి, ఏదో ఒక శనివారం పొద్దున కాఫీ కలుపుకుంటుంటే వంటింటి కిటికీలోంచి ఒక చప్పుడు వినిపిస్తుంది. సిమెంటు మీద చిన్న ప్లాస్టిక్ చక్రం గరగరమని దొర్లి, ఆగి, కాసేపటికి మళ్లీ దొర్లే చప్పుడు. మధ్యమధ్య ఒక దగ్గు, చెక్కముక్క కింద పడ్డ శబ్దం. పక్కింటి పెద్దాయన పడవని గరాజ్‌లో పెట్టుకుంటున్నాడు. ఇరవై రెండేళ్లుగా మిన్నెసోటాలో ఉంటున్నాను. నా మటుకు నాకు చలికాలం ఆ గరగరతోనే మొదలవుతుంది. ఈ రాష్ట్రం కార్ల నంబరు ప్లేట్ల మీద తనది పదివేల సరస్సుల నేల అని రాసుకుంటుంది. నిజానికి పదెకరాలకి తగ్గనివే 11,842 ఉన్నాయని ఇక్కడి లెక్క. చలి ముదిరాక అవన్నీ గడ్డకట్టుకుపోతాయి. వాటి మీద మనుషులు నడుస్తారు, మంచు మందం చూసుకుని కార్లు కూడా నడుపుతారు. నీళ్లు రాయి కాకముందే పడవలు ఒడ్డుకి రావాలి, బండెక్కాలి, ఇల్లు చేరాలి. వేసవంతా ఆకులా తేలిన వస్తువు ఒక్క పూటలో బరువైపోతుంది.

ఆయన పడవ పెద్దదేమీ కాదు. పదహారడుగుల అల్యూమినియం పడవ, వెనక ఒక మోటారు, కింద ఒకే ఇరుసు మీద రెండు చక్రాల ట్రైలర్. అన్నీ కలిపి 550 కిలోలుంటాయేమో. స్నేహితుడి ట్రక్కు దాన్ని సరస్సు నుంచి ఇంటిదాకా ఇరవై నిమిషాల్లో లాక్కొచ్చేస్తుంది. అసలు ప్రయాణం ఆ తరవాతే. డ్రైవ్‌వే పొట్టిది, పైగా వంపు తిరిగి ఉంటుంది. ఒక పక్క మేపుల్ చెట్టు, ఇంకో పక్క మా కంచె. గరాజ్‌లో కారుకి కూడా చోటు మిగలాలంటే పడవ ఒక మూలకి ఐమూలగా దూరాలి. ట్రక్కు కట్టి ఉండగా ఆ వాటం కుదరదు, ట్రక్కు ముక్కు చెట్టుకి తగులుతుంది. అందుకని ట్రైలర్ని అక్కడే విప్పేసి ట్రక్కు వెళ్లిపోతుంది. ఇక మిగిలేది ముప్పై అడుగుల దూరం, ఒక ముసలాయన, ఆయన రెండు చేతులు. ఆ ముప్పై అడుగులకి ముప్పావు గంట పడుతుంది. మొదట్లో చూసినప్పుడు జాలేసింది. తరవాత ఆశ్చర్యం వేసింది. ఆ పైన లోపల ఏదో ములుకులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. అదేమిటో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

తెలిసింది ఒక ఫోను వల్ల. నరసాపురం నుంచి మా అక్క చేసింది. మా బంధువుల్లో ఒకాయన రొయ్యల చెరువుల్లో నష్టపోయి ఇల్లు అమ్ముకున్న సంగతి చెప్పి, చివర్లో నిట్టూర్చి, "ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయిరా తమ్ముడూ, ఏం చేస్తాం" అంది. అందరం అనే మాటే. చావుకీ, పెళ్లికీ, ఎన్నికల ఫలితాలకీ, అన్నింటికీ సరిపోయే మాట. కానీ ఆ క్షణాన నా కిటికీ అవతల ఒక పడవ నిజంగానే బండి మీద కూర్చుని ఉంది. దాని ముందు ఒక మనిషి వంగి, రొప్పుతూ, గోడకీ పడవకీ మధ్య ఉన్న జానెడు ఖాళీని కళ్లతో కొలుస్తున్నాడు. సామెత ఎంత తేలిగ్గా చెప్పేసింది! ఓడ బండవుతుందట. రాత్రికి రాత్రి దానంతటదే అవుతుందా? అక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది, నేను ఆయన వీపునే చూస్తూ ఉండిపోయాను. మా నాన్న ఈ సామెతని ఇంకోలా అనేవాడు. "ఓడ బండెక్కుద్ది, బండి ఓడెక్కుద్ది" అనేవాడు. అవడం వేరు, ఎక్కడం వేరు. అవడానికి కాలం చాలునేమో. ఎక్కాలంటే ఎవరో ఒకరు ఎక్కించాలి.

నాన్న అలా అనడానికి కారణం ఉంది. మాది వశిష్ఠ గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు ఊరు. మా కొబ్బరికాయలు నరసాపురం చేరాలంటే ఏరు దాటాలి, ఏరు దాటాలంటే పంటు ఎక్కాలి. పంటు చూడనివాళ్లు, రెండు పడవల్ని పక్కపక్కన బిగించి పైన బల్లలు పరిచిన ఒక కదిలే నేలని ఊహించుకోండి. మనుషులు, సైకిళ్లు, మేకలు, బళ్లు, తరవాత్తరవాత కార్లు, అన్నీ దాని మీదే. రేవులో బండి ఆపగానే ముందు ఎడ్లని విప్పేవారు. బల్ల మీద గిట్ట జారితే ఎద్దు బెదురుతుంది. బెదిరిన ఎద్దుతో పంటు మీద ఉన్నవాళ్లందరికీ ప్రమాదమే. ఎడ్లని విడిగా నడిపించుకెళ్లి ఓ మూల కట్టేశాక, బండి చేతుల మీద ఎక్కాలి. నాన్న ముందు కాడి పట్టుకునేవాడు. చక్రాల దగ్గర అటిద్దరు ఇటిద్దరు, వెనక ఇంకో ఇద్దరు. ఒడ్డుకీ పంటుకీ మధ్య రెండు దళసరి బల్లలు, కింద నీళ్లు. సముద్రం దగ్గర కాబట్టి ఏటికి పోటూ పాటూ ఉండేవి. పోటు మీద బల్లలు చదునుగా ఉండేవి, పాటు మీద పంటు కిందకి దిగిపోయి బల్లలు ఏటవాలుగా వేలాడేవి. బండి బరువు పంటు అంచు మీద పడగానే ఆ అంచు ఇంకో జానెడు కిందకి దిగేది. ఆ దిగడంలో, అంతవరకూ అరుస్తున్న రేవంతా ఒక్కసారి నోరు మూసుకునేది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు. గోదావరి మధ్యలో, తుఫాను గాలిలో కూడా నేను అంత భయపడలేదు.

ఆ పంటు మీద పనిచేసే ఒకాయన బల్ల పక్కన నిలబడి బళ్లని లోపలికి పిలిచేవాడు. "రానీ... రానీ... ఆగు. కొంచెం ఎగువకి కొట్టు. రానీ..." అంటూ కుడిచెయ్యి ఊపుతుండేవాడు. ఆ చేతికి చిటికెన వేలూ ఉంగరం వేలూ ఉండేవి కావు. చుట్టరికం లేకపోయినా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు, కాబట్టి నాకు మావయ్య. ఊగుతున్న ఆ మూడు వేళ్ల చెయ్యి చూడకుండా ఉండాలనుకునేవాణ్ని, చూడకుండా ఉండలేకపోయేవాణ్ని. ఓ పాటు మీద, బండి చక్రపు ఇనప పట్టాకీ బల్లకీ మధ్య ఆ వేళ్లు నలిగిపోయాయని నాన్న ఒకసారి చెప్పాడు. ఎవరి బండి అని అడిగితే మాత్రం చెప్పలేదు. మావయ్య అయితే ఆ సంగతే ఎత్తేవాడు కాదు. నేను దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకే మాట అనేవాడు: "ఒరే అబ్బాయ్, బండికీ గట్టిదానికీ మజ్జెన నిలబడమాకు. ఎప్పుడూ." గట్టిది అంటే గోడ, గుంజ, పంటు కమ్మీ, చెట్టు, ఏదైనా సరే. ఆ ఒక్క మాటలో ఎంత అనుభవం ఉందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడైనా పూర్తిగా తెలిసిందా?

పెద్దాయనకి సాయంగా నేను మొదటిసారి వెళ్లింది ఎనిమిదేళ్ల కిందట. కంచె మీంచి చెయ్యి వెయ్యనా అని అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు. పడవనీ నన్నూ మార్చి మార్చి చూసి, "నాకు కనపడే చోటే నిలబడతావా?" అన్నాడు. నిలబడతానన్నాను. "పడవకీ గోడకీ మధ్యలోకి రావు కదా?" అన్నాడు. ఒళ్లు జలదరించింది. భూమికి అవతలి పక్కన, గోదావరి పేరు కూడా వినని మనిషి నోట ఆ రేవు మాట. ఎవరు ఎవరికి నేర్పారు? ఎవరూ ఎవరికీ నేర్పి ఉండరు. బరువు ఎక్కడైనా ఒకే భాషలో మాట్లాడుతుందేమో, దాని దెబ్బ తిన్నవాళ్లందరూ ఒకే మాట నేర్చుకుంటారేమో. ఆ రోజు ఆయన నన్ను ట్రైలర్ ముట్టుకోనివ్వలేదు. గరాజ్ లోపల మూల నుంచి చూస్తూ, గోడకి ఎంత దూరముందో చెబుతూ ఉండమన్నాడు. నేను చెయ్యెత్తి చూపించాను. నా చేతి వేళ్లు అయిదూ ఉన్నాయన్న స్పృహ ఎందుకో చాలా బలంగా కలిగింది.

తరవాతి ఏడు నుంచి పని నేర్చుకున్నాను. పైకి తోపుడులా కనపడుతుంది కానీ, ఎక్కువసేపు పట్టేది ఆలోచనకే. ముందు ఆయన చక్రాలకి గాలి చూస్తాడు. గాలి తగ్గిన చక్రం నేలని పట్టుకుని వదలదు. పడవ అడుగున బిరడా తీసి ఉందో లేదో వేలు పెట్టి చూస్తాడు. లోపల నీళ్లు మిగిలితే అది బరువు, పైగా పడవని రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు బిరడా తీసే ఉంచాలని ఇక్కడ చట్టం. జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్లపురుగు ఒక సరస్సు నీళ్లలో దాక్కుని ఇంకో సరస్సుకి పోకుండా. ఆ తరవాత ట్రైలర్ ముందు భాగం. ముందుకి పొడుచుకొచ్చే ఆ ఇనప నొగని ఇక్కడివాళ్లు నాలుక అంటారు. దాని కింద జాక్, జాక్ అడుగున ఆ ప్లాస్టిక్ చక్రం. ఎటు కావాలంటే అటు తిరిగే చక్రమది, అందుకే దాంతో చిక్కు. వెనక్కి తోసేది ఆపి ముందుకి లాగామంటే, అది ముందు తన చుట్టూ తాను తిరిగి గానీ దొర్లదు. ఆ తిరగడంలో నాలుక మూడు నాలుగంగుళాలు పక్కకి జరిగిపోతుంది. ఇరుకులో ఆ నాలుగంగుళాలే లెక్క. పైగా నాలుకని కుడికి తోస్తే పడవ వెనకభాగం ఎడమకి పోతుంది. ఇరుసు చుట్టూ తిరిగేది ఏదైనా అంతే. బుర్రకి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, చేతులకి మూడేళ్లు పట్టింది.

అన్నింటికంటే గడప కష్టం. డ్రైవ్‌వే తారు కాలక్రమేణా కుంగి, గరాజ్ సిమెంటు నేల దగ్గర అంగుళం ఎత్తు మెట్టు తేలింది. చదును నేల మీద పది పన్నెండు కిలోల తోపుడికి కదిలే బండి అక్కడికి వచ్చేసరికి మొరాయిస్తుంది. ఓ రాత్రి కాగితం మీద లెక్క వేసి చూశాను. పదంగుళాల వ్యాసార్ధం ఉన్న గట్టి చక్రాన్ని అంగుళం మెట్టు ఎక్కించాలంటే, ఇరుసు ఎత్తులో తోసేటట్టయితే, చక్రం మీదున్న బరువులో దాదాపు సగం బలం కావాలి. రబ్బరు చక్రం కాస్త వంగి సాయం చేస్తుంది, అయినా చాలా ఎక్కువే. ఇద్దరు మనుషుల వల్ల కాదు. అప్పుడు నాకు రేవులో చక్రాల దగ్గరి నలుగురు గుర్తొచ్చారు. వాళ్లు ఎప్పుడూ బండిని తోసేవారు కాదు, చక్రాన్నే తిప్పేవారు. చక్రం ఆకుల్ని పైభాగంలో పట్టుకుని ముందుకి లాగేవారు. నేలకి ఆనిన చోటు నుంచి చూస్తే చక్రం పైఅంచు ఇరుసుకి రెండింతల ఎత్తులో ఉంటుంది. అక్కడ పట్టుకుంటే సగం బలం చాలు, చెయ్యి మాత్రం రెండింతల దూరం పోవాలి. ఈ సూత్రం నేను కాలేజీలో చదివాను, మార్కులు తెచ్చుకున్నాను, మరిచిపోయాను. వాళ్లు చదవలేదు, మరిచిపోలేదు. పెద్దాయనకి చెప్పి, మడ్‌గార్డు అంచు దాటిన చోట చక్రం మీద అరచేతులు మోపి తిప్పి చూశాను. వేళ్లు దాని కిందకి పోకుండా, అరచేతులు మాత్రమే. చక్రం గడప ఎక్కింది. ఆయన ఏమీ అనలేదు. తల ఊపి, రెండో చక్రం వైపు తనూ అలాగే నిలబడ్డాడు.

నాలుక మీద బరువు సంగతీ అంతే. మొత్తం బరువులో పదోవంతు దాకా ముందుకి మొగ్గి ఉంటే ట్రైలర్ ట్రక్కు వెనక నిలకడగా వస్తుంది. మొగ్గు వెనక్కి పోతే రోడ్డు మీద తోక ఊపడం మొదలుపెడుతుంది, చేతుల్లో ఉన్నప్పుడైతే ముందుభాగం హఠాత్తుగా పైకి లేస్తుంది. నాన్న బండికి కాయలు వేసేటప్పుడు ప్రతి పది గంపలకీ ఒకసారి కాడి ఎత్తి చూసేవాడు. ఒక చేత్తో లేచిపోయేంత తేలిక కాకూడదు, రెండు చేతులతో లేవనంత బరువూ కాకూడదు. వెనక బరువెక్కువైతే కాడి లేచి ఎద్దు గొంతు కింద తాడు బిగుసుకుంటుంది, ముందు బరువెక్కువైతే మెడ పుండు పడుతుంది. ఆయన దాన్ని ఎద్దు మెడతో కొలిచాడు, వీళ్లు పౌండ్లతో కొలుస్తున్నారు. నా దృష్టిలో ఎద్దు మెడే మంచి కొలత. తప్పు చేస్తే ఎవరికి నొప్పో తెలుస్తుంది.

మూడో ఏడాది నేను తప్పు చేశాను. వీధి అంచున ట్రైలర్ ఆపి, చక్రాల కింద చెక్కలు పెట్టానా లేదా అని చూసుకోకుండా జాక్ సరిచేయడానికి వంగాను. డ్రైవ్‌వే వీధి వైపు కొంచెం వాలుగా ఉంటుంది; కంటికి తెలియని వాలు. ఇరవై అడుగులకి ఒక అడుగు వాలు చాలు, 550 కిలోల బండి ఇరవై ఏడు కిలోల బలంతో కిందకి లాగుతుంది. నేను తల ఎత్తేసరికి అది కదులుతోంది. చప్పుడు లేదు. బరువైనవి కదలడం మొదలుపెట్టినప్పుడు చప్పుడు చెయ్యవని అప్పుడు తెలిసింది. పట్టుకుందామని నాలుక మీద చేతులు వేశాను, బూట్లు ఆకుల మీద జారిపోయాయి. పెద్దాయన మాత్రం పట్టుకోవడానికి రాలేదు. చేతిలో ఉన్న చెక్కని చక్రం దారిలోకి విసిరాడు. ట్రైలర్ దాని మీదకి సగం ఎక్కి, వెనక్కి ఒరిగి, ఆగింది. వీధిలో అప్పుడే ఒక పాప సైకిలు తొక్కుకుంటూ పోతోంది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతర్వేది తీర్థంలో రథం పక్కనే చెక్కలు పట్టుకుని నడిచేవాళ్లు కళ్ల ముందు కదిలారు. వేలమంది తాళ్లు పట్టుకుని లాగుతుంటారు, అందరి కళ్లూ దేవుడి మీద. వాళ్ల కళ్లు మాత్రం చక్రం మీద. చిన్నప్పుడు నాకూ తాడు పట్టుకోవాలనే ఉండేది, చెక్క పట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

చరిత్రలో ఓడ బండెక్కిన సందర్భాల గురించి ఆ తరవాత చదవడం మొదలుపెట్టాను. 1453 ఏప్రిల్ 22న రెండో మెహ్మద్ సుల్తాను కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో, గోల్డెన్ హార్న్ అఖాతానికి అడ్డంగా కట్టిన ఇనప గొలుసుని దాటలేక, డెబ్బై దాకా ఓడల్ని గలాటా వెనక కొండ మీదుగా నడిపించాడు. దుంగలకి కొవ్వు పూసి, ఎడ్లనీ మనుషుల్నీ కట్టి లాగించాడు. పుస్తకాలు ఆ ఎత్తుగడని మెచ్చుకుంటాయి. నేను మాత్రం ఆ పేజీల్లో చెక్కలు వేసినవాళ్ల కోసం వెతికాను. కొండ దిగేటప్పుడు ఓడ ముందు ఎవరు నిలబడ్డారు? ఎవరు ఆగమన్నారు? అంత దూరం ఎందుకు, మన హుస్సేన్‌సాగర్ ఉంది. 1990లో నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. గణపతి స్థపతి చెక్కించిన ఏకశిల బుద్ధుణ్ని భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి 192 చక్రాల ట్రైలర్ మీద తెచ్చారు. మూడువందల టన్నులు దాటిన రాయి. రోడ్డంతా క్షేమంగా వచ్చింది. మార్చి 10న బండి మీంచి పడవ మీదకి మారింది, ఒడ్డు విడిచి ఎంతో దూరం పోకముందే పడవ ఒరిగి బుద్ధుడు నీళ్లలోకి జారిపోయాడు. పనివాళ్ల ప్రాణాలు పోయాయి. మర్నాడు మా హాస్టలంతా ట్యాంక్‌బండ్ మీదకి పరుగెత్తింది. రెండున్నరేళ్లు దాటాక విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు బుద్ధుడితో ఫొటోలు దిగుతారు. ఆ రాయి అంత రోడ్డు ప్రయాణం చేసి, నీటి మీది ఆఖరి కొసలో మునిగిందన్న సంగతి నా మనసులోంచి పోదు.

మన భాషకి ఈ సంగతి తెలుసా? తెలుసుననే అనిపిస్తుంది. కష్టం తీరితే గట్టెక్కాం అంటాం, ఒడ్డున పడ్డాం అంటాం, దరిచేరాం అంటాం. ప్రయాణమంతా వదిలేసి ఆ చివరి అడుగునే పట్టుకున్న మాటలివి. నట్టేట ముంచాడని కూడా అంటాం కదా, మరి అది ఏటి మధ్య మాట కాదా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. అవును, కానీ నట్టేట ముంచేది ఎప్పుడూ ఇంకో మనిషి. గట్టు దగ్గర అలా కాదు. అక్కడ మునిగితే బరువు వల్ల, తొందర వల్ల, ఒక చెక్క మరిచిపోవడం వల్ల. ఈ వ్యాఖ్యానం సరైనదో కాదో భాష బాగా తెలిసినవాళ్లు చెప్పాలి. నాకు మాత్రం ఓడలు బళ్లవడం గురించిన ఆ సామెత వినపడ్డప్పుడల్లా ఇప్పుడు మధ్యలో ఒక ఖాళీ కనపడుతుంది. రెండు బల్లలంత ఖాళీ. ఇల్లు అమ్ముకున్న మా బంధువు కూడా ఒక్క రాత్రిలో బండయిపోలేదు. ఆ ఇంటి సామాను ఎవరో మోశారు, అద్దింటి ఇరుకు మెట్ల మీద బీరువాని ఎవరో పక్కకి తిప్పారు, ఎవరో కింద నిలబడి ఆగు ఆగు అన్నారు. అక్కకి ఫోను చేసి అడిగాను. "మేమేరా, నేనూ మీ బావగారూ వెళ్లాం. ఆయనకి నడుం పట్టేసింది రెండు రోజులు" అంది. సామెత చెప్పిన రోజున మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

నేను చేతిపనిని పూజిస్తున్నానేమోనన్న అనుమానం నాకే వస్తుంది. రేవులో ఆ రెండు వేళ్లు పోయింది చేతిపని వల్లనే కదా? బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాలు వచ్చాయి. నాలుక కిందకి దూర్చి మీట నొక్కితే ట్రైలర్ని అదే తోసుకుపోతుంది. పెద్దాయన కూతురు కొనిస్తానంటోంది. కొనిపించుకోమని నేనూ చెప్పాను, మనస్ఫూర్తిగానే చెప్పాను. నడుము విరగ్గొట్టుకోవడంలో గొప్పేమీ లేదు. నాన్నకి అలాంటిది ఉంటే నాన్న వాడేవాడు, మావయ్యకి అయిదు వేళ్లూ ఉండేవి. కానీ యంత్రం వచ్చినా పిలిచే మనిషి కావాలి. మీట దగ్గర నిలబడ్డవాడికి పడవ వెనక గోడ కనపడదు. నాకు తెలిసినంతలో ఇది ఒక్కడే చెయ్యకూడని పని. మొదట్లో అన్నేళ్లు కిటికీలోంచి ఆయన ఒంటరిగా చేస్తుంటే చూస్తూ కాఫీ తాగినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. లారీ క్లీనరు కుర్రాడు బండి వెనక తలుపు మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, రైట్" అంటాడే, ఆ కుర్రాడి జీతం డ్రైవరు జీతంలో ఎన్నో వంతో తెలియదు గానీ, వెనక్కి వెళ్లేటప్పుడు బండి నడిపేది వాడే. వాడు లేకుండా వెనక్కి తీయబోయి పాక గుంజలు పడగొట్టిన లారీల్ని మా ఊళ్లో చూశాను.

ఈ ఏడాది వసంతంలో పెద్దాయనకి తుంటి ఆపరేషన్ అయింది. వేసవిలో పడవ నాలుగుసార్లే నీళ్లలోకి దిగింది. యంత్రం ఇంకా కొనలేదు, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. నిన్న కంచె దగ్గర ఆగి, చేతికర్ర మీద ఆనుకుని, కాసేపు మేపుల్ ఆకుల గురించి మాట్లాడాడు. వెళ్లబోతూ, "ఈసారి నాలుక నువ్వు పట్టుకో. మీ అబ్బాయి చక్రాలు చూసుకుంటాడా? నేను లోపల నిలబడి పిలుస్తాను" అన్నాడు. మా వాడికి పదిహేడేళ్లు. రాత్రి అన్నం దగ్గర వాడికి రెండు సంగతులు చెప్పాను: ఆయనకి కనపడే చోటే ఉండమని, బండికీ గట్టిదానికీ మధ్య నిలబడవద్దని. రెండోది మావయ్య మాటల్లోనే, ఆ యాసలోనే చెప్పాను. వాడు నవ్వకుండా విన్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు. గడప దగ్గర వెయ్యడానికి రెండు చెక్కలు ఏటవాలుగా కోసి పెట్టాను.